దాటిందో లేదో

గోడ గడియారం రెండూ పది చూపిస్తుండగా ఫోన్ మళ్ళీ మోగింది. ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఏం వినబడుతుందో తెలుసు. పైన మూడో అంతస్తులో, ఆపరేషన్ థియేటర్లో, ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి పొట్ట తెరిచి ఉంది. తొడుగులు వేసుకున్న చేతులు ఛాతీ దగ్గర పట్టుకుని సర్జన్ నిలబడి ఉంటాడు, అతని చూపు కూడా ఇలాంటి గడియారం మీదే ఉంటుంది. కింద సెల్లార్లో, కిటికీ లేని ఈ చిన్న గదిలో, ఆ అమ్మాయి ఎడమ అండాశయం స్టీలు పళ్ళెంలో ఉంది. అది క్యాన్సరో కాదో పాథాలజిస్టయిన తను చెప్పాలి. వారం తర్వాత కాదు, ఇప్పుడే, అమ్మాయి మత్తులో ఉండగానే చెప్పాలి. క్యాన్సర్ అంటే గర్భసంచి, రెండో అండాశయం, అన్నీ తీసేస్తారు. కాదంటే ఈ ఒక్కటి తీసి కుట్టేస్తారు. పళ్ళెంతో పాటు వచ్చిన కాగితం మీద సర్జన్ కోడిగీతల్లో రాశాడు: పెళ్ళయి రెండేళ్ళు, పిల్లలు లేరు, కావాలనుకుంటున్నారు. దాని కింద అమ్మాయి సంతకం, అవసరమైతే అన్నీ తీసేయడానికి ఒప్పుకుంటున్నానని. గుండ్రటి అక్షరాలు, బడిలో రాసినట్టు. ఒప్పుకుంది అమ్మాయి, కోసేది ఆయన, మధ్యలో ఆ 'అవసరమైతే' అనే మాట మాత్రం తిన్నగా మెట్లు దిగి వచ్చి తన మెడ మీద కూర్చుంది.

పావుగంట క్రితం కత్తి పెట్టి కోసినప్పుడు లేత పసుపు నీళ్ళు బొళబొళా కారి పళ్ళెం నిండింది. కొబ్బరికాయంత నీటితిత్తి. లోపలి గోడ చాలామేర నున్నగా, గవ్వ లోపలి భాగంలా మెరుస్తోంది, హమ్మయ్య అనుకుంది. కానీ తిప్పి చూస్తే ఒక పక్కన అరచేతి వెడల్పున నూగు. తడిసిన తువ్వాలు నూగులాంటి మెత్తటి నూగు, వేలు తగిలితే ఊగుతోంది. ఆ నూగు చూడగానే ఆమె కత్తి ఆపింది. తొమ్మిదేళ్ళ క్రితం కూడా ఇలాంటి నూగే. వద్దు, అది ఇప్పుడు వద్దు. నూగు దట్టంగా ఉన్న చోట రెండు ముక్కలు కోసి మంచుదొర చేతికిచ్చింది. మంచుదొర అంటే ఇక్కడి టెక్నీషియన్. ఇరవై రెండేళ్ళుగా మైనస్ ఇరవై డిగ్రీల పెట్టెతో కాపురం చేస్తున్నందుకు ఆసుపత్రంతా అతన్ని అలాగే పిలుస్తుంది. ఇంట్లో మా ఆవిడ చల్లటి నీళ్ళిస్తే డ్యూటీ గుర్తొస్తుందండీ, గోరువెచ్చటివే తాగుతాను అంటాడు. అతను ముక్కల్ని గడ్డకట్టించి, వెంట్రుక కంటే పలచటి పొరలు తీసి, గాజుపలక మీద పరిచి, నీలం రంగులో ముంచి, ఎరుపులో ముంచి, తుడిచి, తన ముందు పెట్టాడు. పెట్టాక రోజూ లాగా పక్కకు పోలేదు, స్టూలు వెనకే నిలబడ్డాడు. అతనికీ తెలుసు. అతనూ చూశాడు ఆ నూగు.

మైక్రోస్కోపులో కన్ను పెడితే గది మాయమైపోతుంది. అది ఆమెకు ఎప్పుడూ సుఖమే, ఇవాళ తప్ప. గులాబి కాడలు, కాడలకు పిల్ల కాడలు, వాటికి మళ్ళీ చిగుళ్ళు, అన్నిటి అంచునా నీలపు కణాలు వరసలు కట్టి, ఒకదాని మీదొకటి ఎక్కి, కొన్ని వరసల్లోంచి రాలిపోయి ఖాళీలో తేలుతూ. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఆ మాట ఎవరితోనూ అనకూడదు. ఇలాంటి గడ్డల్ని బోర్డర్‌లైన్ అంటారు. మామూలు గడ్డ కాదు, పూర్తి క్యాన్సరూ కాదు. చదువుకునే రోజుల్లో ముసలి ప్రొఫెసర్ ఒకాయన ముక్కుపొడుం వాసన కొడుతూ తలలన్నీ దగ్గరికి లాగి చెప్పేవాడు: "ఒరే, ఇది చుట్టం లాంటిది. పిలవకుండా వచ్చింది, వరండాలో మంచం వాల్చింది, పెళ్ళాంపిల్లల్ని తెచ్చి పెట్టింది, పొమ్మన్నా పోదు. అయినా చుట్టమే. ఎప్పుడైతే గోడకు కన్నం వేసి లోపలికి దూరిందో, అప్పుడు దొంగ. మీ ఉద్యోగమల్లా గోడ చూడ్డమే. చుట్టం మొహం చూసి మోసపోకండి, గోడ చూడండి." అందరూ నవ్వారు. ఆమె పుస్తకంలో రాసుకుంది, గోడ చూడాలి. ముప్ఫై ఏళ్ళయినా గోడే చూస్తోంది. మొదటి పలకలో గోడ బాగుంది. కాడలన్నీ బయటే, చుట్టాలందరూ వరండాలోనే. రెండో పలక. ఇక్కడా బాగుంది, ఇక్కడా, ఇక్కడా. చివర్న, ఎడమ మూల, గులాబి గోడలోపల, చిన్న గుంపు. పదీ పన్నెండు కణాలు, చుట్టూ తెల్లటి సందు, లోపలికి దూరినవాటికి ఉండే గుర్తు. ఆమె వేలు చక్రం మీద ఆగిపోయింది. కన్నమా ఇది, కన్నమైతే లోపల ఎంత దూరం పోయిందో? లేక కత్తి ఏటవాలుగా పడిందా? ఏటవాలుగా కోస్తే గోడ బయటున్నవాడు కూడా లోపలున్నట్టే కనిపిస్తాడు. ఆ తెల్ల సందు ముక్క గడ్డకట్టినప్పుడు పడ్డ మంచు పగులు కూడా కావచ్చు. కావచ్చు, కాకపోవచ్చు. ముప్ఫై ఏళ్ళ చదువు ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుంది.

రెండూ ఇరవైకి ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తింది.

"అక్కా, ఏంటి అక్కా, పొట్ట తెరిచి పెట్టుకుని కూర్చున్నాను." సర్జన్. కాలేజీలో ఆమెకు రెండేళ్ళు వెనక, అప్పట్నించీ తుఫాను అనేవాళ్ళు, ఇప్పటికీ నడవడు, వీస్తాడు. మంచి చెయ్యి. ఓర్పు మాత్రం పుట్టినప్పుడే ఎక్కడో మర్చిపోయి వచ్చాడు.

"బోర్డర్‌లైన్ లాగా ఉంది. ఒక్క చోట అనుమానం. ఇంకా లోతుగా కోయిస్తున్నాను."

"అనుమానమంటే?"

"అనుమానమంటే అనుమానమే."

"గోడ మీద పిల్లి కబుర్లు నాకొద్దక్కా. ఇటో అటో చెప్పు. పొట్టలో ఇంకెక్కడా ఏమీ కనపడట్లేదు, రెండో అండాశయం బాగానే ఉంది, గర్భసంచి బాగానే ఉంది. కానీ నువ్వు క్యాన్సర్ అంటే అన్నీ తీసేస్తాను. నువ్వు తేల్చలేకపోయినా తీసేస్తాను. ఆ అమ్మాయి ముందు బతకాలి కదా."

"పది నిమిషాలియ్యి."

"మత్తు డాక్టరు నన్ను కొట్టేట్టున్నాడు. పది. పదకొండు కాదు."

పెట్టేసింది. మంచుదొర అప్పటికే పెట్టె తలుపు తెరిచి ముక్కను మళ్ళీ కత్తి ముందుకు జరుపుతున్నాడు, చెప్పకుండానే. చల్లటి పొగ నేలకు జారింది. నువ్వు తేల్చలేకపోయినా తీసేస్తాను. అంటే తను నోరు మూసుకున్నా అది మాట్లాడినట్టే. అతనన్నదీ తప్పు కాదు, అదే బాధ. ఈ జాతి క్యాన్సర్ నిదానంగా పాకుతుంది, నిదానంగా పాకేది కాబట్టే మందులకు సరిగా లొంగదు, కత్తికే లొంగుతుంది. ఇవాళ వదిలేస్తే అయిదేళ్ళకో పదేళ్ళకో పొట్టంతా పరుచుకుని తిరిగిరావచ్చు, అప్పుడు ఆ అమ్మాయి ఒళ్ళో బిడ్డ ఉంటాడేమో, తల్లి లేని బిడ్డవుతాడు. ఇవాళ తీయిస్తే, అది చుట్టమేనని రేపు తేలితే. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. కప్ప ఎక్కడుంది, పాము ఎక్కడుంది, ఇద్దరూ ఆ ఒక్క అమ్మాయే.

తొమ్మిదేళ్ళ క్రితం కూడా ఇదే గది, ఇదే స్టూలు, దీని రెక్సిన్ అప్పటికి చిరగలేదు. ఇలాంటి నూగు, ఇలాంటి గుంపు, చుట్టూ తెల్లటి సందు. అప్పటి సర్జన్ పెద్దాయన, గౌరవం ఎక్కువ, భయం ఇంకా ఎక్కువ. ఆయన ఇటా అటా అని అడిగితే ఈమె నోటి నుంచి ఒక్క మాట వచ్చింది, క్యాన్సర్ సార్. ఆయన అన్నీ తీసేశాడు. అడుగు జాగ్రత్తగా వేశాననుకుంది. జాగ్రత్త ఎవరి కోసమో తర్వాత తెలిసింది. అయిదో రోజున ముప్ఫై ముక్కలు మామూలు పద్ధతిలో తయారై వచ్చాయి, ముప్ఫైలోనూ గోడ చెక్కుచెదరకుండా ఉంది. ఆ గుంపు మంచు పగులు. మొత్తం చుట్టాలే. ఉన్నది ఉన్నట్టు రాసింది, క్యాన్సర్ కాదు అని. పెద్దాయన ఫోన్ చేసి మెచ్చుకున్నాడు కూడా, శుభవార్త అన్నాడు, వాళ్ళింట్లో పండగే అన్నాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నెల తర్వాత ఒకామె మెట్లు దిగి, దారి అడుక్కుంటూ, ఈ గది తలుపు దగ్గరికి వచ్చింది. పలచటి మనిషి, చేతిలో తన రిపోర్టులు, రెండు కాగితాలు. "రెండూ మీరే రాశారా అండీ?" అని అడిగింది. ఔనంది. "మొదటిది ఎందుకలా రాశారు?" అప్పుడలా కనిపించిందమ్మా అంది ఈమె. ఆవిడ తలూపింది. కాసేపు ఆ మంచుపెట్టె వైపు చూసింది. "నేను బట్టలు కుడతానండీ. కత్తెర పెట్టేముందు ఇంకోసారి కొలుచుకుంటాం, అంతే," అని, కోపంగా కాదు, ఎవరికో పని నేర్పుతున్నట్టు చెప్పి, కాగితాలు మడిచి జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి సమాధానం చెప్పొచ్చు, పుస్తకం తెరిచి చూపించొచ్చు, ఇలాంటివి నూటికి ఇన్నిసార్లు తప్పవుతాయని లెక్క చెప్పొచ్చు. ఆ కొలత మాటకు సమాధానం తను తొమ్మిదేళ్ళుగా వెతుకుతూనే ఉంది.

అందుకేనా ఇవాళ కాదు అనాలనిపిస్తోంది? ఆ ప్రశ్న మంచుపొగ లాగా కాళ్ళ దగ్గర్నించి పైకి వచ్చింది. ఆ కుట్టుపని ఆమెకు చేసినదాని అప్పు ఈ అమ్మాయికి తీరుస్తున్నానా? ఒకరికి వాత పెట్టి ఇంకొకరికి వెన్న రాసినట్టు. పొద్దున కూతురు ఫోన్లో అరిచింది, దానికీ ఇరవై ఎనిమిదే. "పిల్లలు పిల్లలు అంటావేంటమ్మా, లేకపోతే మనిషి కాదా? నా ఒళ్ళు, నా ఇష్టం." ఇదేం తప్పుమాటని? ఔనుగా, నీ ఇష్టమే, అంది తను, మనసులో అనుకోకుండానే, అన్నందుకు కూతురికి ఇంకా కోపం వచ్చింది. నువ్వెప్పుడూ ఇంతే, ఔననీ అనవు కాదనీ అనవు, మధ్యలో నిలబడతావు, నీతో పోట్లాడ్డం కూడా కుదరదు, అని పెట్టేసింది. మధ్యలో నిలబడతావు. నిజమే. అత్తగారికీ మొగుడికీ మధ్య, మొగుడికీ కూతురికీ మధ్య, జబ్బుకీ ఆరోగ్యానికీ మధ్య, జీతం తీసుకుని మరీ నిలబడుతోంది. కూతురైతే ఈ పళ్ళెం ముందు ఏమనేది? తీసెయ్యి, బతకనీ అనేదేమో. లేదు. ఆ అమ్మాయిని అడుగు అనేది. అడగడానికి లేదే, మత్తులో ఉంది. అడిగినదానికి జవాబు ఆ కాగితం మీదే ఉంది, కావాలనుకుంటున్నారు అని. కావాలనుకుంది అమ్మాయి. కూతురూ కాదు, తనూ కాదు, కుట్టుపని ఆమె కూడా కాదు. తన పని అమ్మాయికి ఏం కావాలో తేల్చడం కాదు. గోడ చూడ్డం.

"మేడమ్," అన్నాడు మంచుదొర. మూడు కొత్త పలకలు, ఇంకా తడిగా, వరసగా పెట్టాడు. "ఒక్కోటి ఇంకాస్త లోతు. చివరిదాంట్లో పొర ఒక చోట మడత పడింది, ఏమనుకోకండి." ఇరవై రెండేళ్ళలో అతని పొర మడత పడడం ఆమె చూడలేదు. "పర్లేదు," అని మొదటి పలక మైక్రోస్కోపు కింద పెట్టింది. అందులో గుంపు ఉంది, కానీ సాగింది, ఒక వైపు తోకలా. రెండోదాంట్లో తోక పొడుగై గోడ బయటి కాడ దాకా వచ్చి దాన్ని అంటుకుంది. అంటే ఇది లోపలికి దూరిన గుంపు కాదు, బయటి కాడ మడత. ఊపిరి వదలబోయి ఆగింది. మూడోదాంట్లో, పొర మడత పడ్డ చోట, ఒకటి, రెండు, మూడు కణాలు, ఒంటరిగా, గోడలో. ఇవి మడతలోవా? కొలబద్ద తిప్పి కొలిచింది. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. అయిదు మిల్లీమీటర్లు దాటితేనే దొంగ అనమని పుస్తకం. ఇంకోసారి కొలిచింది. మూడోసారి కొలిచింది. పలకలు మార్చి, తిప్పి, మొదట్నించీ చూసింది. చూసినంత మేర గోడ నిలబడే ఉంది. చూడనిది, పళ్ళెంలో ఇంకా అరచేతి వెడల్పు ఉంది, అందులో ఏముందో దేవుడికి కూడా మైక్రోస్కోపు కావాలి. గడియారం రెండూ ముప్ఫైమూడు. పది నిమిషాలు దాటి మూడయింది. ఫోన్ మోగడం లేదు. మోగకపోవడమే ఆమెను స్టూలు మీద నుంచి లేపింది. మోగడం లేదంటే తుఫాను చెయ్యి మళ్ళీ పొట్టలో పెట్టాడు.

లిఫ్టు ఐదో అంతస్తులో ఉంది. యాభై ఒక్క ఏళ్ళ మోకాళ్ళతో ఆమె మెట్లెక్కింది, ఒక మలుపు, రెండు, మలుపు మలుపులోనూ మూసిన తలుపు, తలుపు వెనక ఎవరివో దగ్గులు, బకెట్ చప్పుడు, ఎవరో నవ్వు. ఫోన్లో చెబితే వైరు వెంట మాటొక్కటే వెళ్తుంది, మనిషి వెళ్ళడు. తొమ్మిదేళ్ళ క్రితం మనిషి వెళ్ళలేదు. మాస్కు కట్టుకుని, టోపీ పెట్టుకుని, చెప్పులు మార్చుకుని థియేటర్ తలుపు తోసింది. దీపాల కింద అందరూ తల తిప్పారు. పాథాలజిస్టు ఇక్కడికి రావడం, చీకటిగదిలో ఫోటోలు కడిగేవాడు పెళ్ళిపందిట్లోకి వచ్చినట్టు. పచ్చగుడ్డ అవతల అమ్మాయి మొహం కనిపించింది, కళ్ళమీద అతికించిన ప్లాస్టరు, నోట్లో గొట్టం, చెవి దగ్గర తడిసిన వెంట్రుకలు. ఇన్నేళ్ళలో ఎన్నో వేల ముక్కలు చూసింది, ముక్క వెనక మొహాన్ని నిద్రలో చూడ్డం ఇదే మొదలు.

"బోర్డర్‌లైన్," అంది, మెట్లెక్కిన ఆయాసంతోనే. "నేను చూసిన మేర గోడ దాటలేదు."

"చూసిన మేర," అన్నాడు తుఫాను. చేతిలో పట్టకారు అలాగే ఉంది. "చూడనిదాన్లో ఉంటే?"

"ఉండొచ్చు. ఉంటే మళ్ళీ కోయాల్సి వస్తుంది. రెండోసారి కోసి తీయొచ్చు. ఇవాళ తీసేసింది రేపు పెట్టలేవు కదా."

"రెండోసారి అంటే నవ్వులాట కాదక్కా."

"కాదు. అందుకే ఫోన్లో చెప్పకుండా పైకొచ్చాను. ఈ ఒక్క అండాశయం చాలు. మామూలుగా చూడాల్సిన చిన్న ముక్కలు నాలుగు చోట్ల నుంచి ఇచ్చి, మూసెయ్యి."

"రాసిస్తావా?"

"సంతకం పెట్టి ఇస్తాను."

అతను ఆమె వైపు చూశాడు. మాస్కు పైన ఆ కళ్ళలో ఉన్నది కోపమో, ఊరటో ఆమెకు తెలియలేదు. "దారం ఇవ్వండి," అన్నాడు నర్సుతో. నర్సు దారం ఇచ్చింది. అంతే. ఆమె బయటికి వచ్చి, మాస్కు విప్పి, చెప్పులు మార్చుకుంది. పైకి రావడంతో బయటపడ్డానని అనుకుంది. బయటపడలేదు. గది ఆమె వెంటే వచ్చింది.

ఆ తర్వాతి నాలుగు రోజులూ అలాగే గడిచాయి. అన్నం ముందు కూర్చుంటే నూగు, కళ్ళు మూస్తే నూగు. మిగతా తిత్తినంతా కోసి, వృథా చేయకుండా, నలభై రెండు ముక్కలు పెట్టింది. అయిదో రోజు మధ్యాహ్నం ట్రేలు వచ్చాయి. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా చుట్టాలే. పంతొమ్మిదోదాన్లో కన్నం. ఈసారి మంచు పగులు కాదు, వంకర కోత కాదు, నిఖార్సయిన కన్నం, గోడలో గుంపులు గుంపులుగా కణాలు, ఒక్కో గుంపు చుట్టూ తెల్లటి సందు. ఆమె వెనక్కి వాలింది. మంచుదొర మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు, గోరువెచ్చటివి. కొలిచింది. రెండు మిల్లీమీటర్లు. ఇంకోసారి. రెండు. చివరి ముక్క దాకా చూసింది, ఇంకెక్కడా లేదు. పొట్టలో నాలుగు చోట్ల నుంచి తీసిన ముక్కలూ శుభ్రంగా ఉన్నాయి. అయిదుకు మూడు తక్కువ. పుస్తకం ప్రకారం ఇంకా బోర్డర్‌లైనే. ఆమె మాట నిలబడింది, మూడు మిల్లీమీటర్ల మీద నిలబడింది. ఉన్నది ఉన్నట్టు రాసింది, కన్నం ఎంతో, ఎక్కడో, ఒక్క అక్షరం దాచకుండా.

సాయంత్రం తుఫాను ఫోన్ చేశాడు. "చదివానక్కా. ఆ అమ్మాయి రేపు ఇంటికెళ్తుంది. పూర్తిగా పోయినట్టేనా అని పొద్దుట్నించీ అడుగుతోంది. ఏం చెప్పను? పోయిందంటే అబద్ధం, పోలేదంటే ఏడుస్తుంది."

"నువ్వేం చెప్పకు. నేనొస్తున్నాను."

అమ్మాయి మంచం మీద కాళ్ళు కిందకి వేలాడేసి, పొట్టకు దిండు నొక్కుకుని కూర్చుని ఉంది. మెలకువలో మొహం వేరుగా ఉంది, చిన్నగా, చురుగ్గా. ఆమె తనెవరో చెప్పింది. ముక్కలు చూసింది తనేనని చెప్పింది. తర్వాత, మెల్లగా, ఏదీ మింగకుండా మిగతాదంతా చెప్పింది. అంతా విని అమ్మాయి అడిగింది.

"అయితే ఉన్నట్టా, లేనట్టా?"

"ఇప్పుడు లేనట్టు. మళ్ళీ రాదని చెప్పలేను. ఏటా చూపించుకోవాలి."

"ఎన్నేళ్ళు?"

"చాలా ఏళ్ళు."

"పిల్లలు?"

"ప్రయత్నించొచ్చు. పుడతారనీ చెప్పలేను, పుట్టరనీ చెప్పలేను."

అమ్మాయి పొట్ట మీద దిండు సరిచేసుకుంది. ఏడుస్తుందని ఆమె అనుకుంది. ఏడవలేదు. "మీరేదీ గట్టిగా చెప్పరన్నమాట," అంది.

"ఇంతకంటే గట్టిగా నాకు తెలియదమ్మా."

"సరే," అంది అమ్మాయి. ఇంకోసారి, తనకు తనే, "సరే." బాత్రూముకు వెళ్ళాలని లేవబోయి, వంగబోయి, కుట్లు లాగి ఆగిపోయింది. చెప్పులు మంచం కిందకి పోయాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. ఒకటి దగ్గర్లోనే దొరికింది. రెండోది గోడవారకి పోయి ఉంది, చెయ్యి అందలేదు. "అయ్యో, మీరెందుకండీ, నర్సును పిలుద్దాం," అంటోంది పైన అమ్మాయి. ఆమె చెంప నేలకు ఆనించి, భుజం మంచం కిందకి దూర్చి, వేళ్ళ చివర్లతో కొంచెం కొంచెం లాగింది. రెండూ తెచ్చి అమ్మాయి పాదాల ముందు పెట్టింది. అమ్మాయి ఒక చెయ్యి ఆమె నెత్తిమీద ఆనించి, బరువంతా వేసి, ఒక కాలు దూర్చింది. తర్వాత రెండోది.